చెవి కింద గడ్డ

 పట్టా అందుకుంటున్న యువ వైద్యులారా,

1959లో మొదలైన ఈ కాకతీయ వైద్య కళాశాలలో మీరు పెద్ద జబ్బులెన్నో చదివారు. నేను ఒక చిన్న గడ్డ గురించి మాట్లాడతాను. ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో ఎంజీఎం ఆసుపత్రి ఓపీకి వచ్చిన రైతు చెవి కింద నిమ్మకాయంత గడ్డ చూపించి, "నొప్పేం లేదు సారూ, ఏండ్ల సంది ఉన్నది" అంటాడు. ఊళ్ళో పసరు కట్టించుకుని ఉంటాడు, గవద బిళ్ళలనుకుని మందులు మింగి ఉంటాడు.

లాలాజల గ్రంథుల కణితుల్లో ఎక్కువ శాతం చెవి ముందుండే పరోటిడ్ గ్రంథిలోనే వస్తాయి. అక్కడ వచ్చేవాటిలో ఐదింట దాదాపు నాలుగు క్యాన్సర్ కానివే. ప్లియోమార్ఫిక్ అడినోమా, వార్తిన్ ట్యూమర్ మీరు చూసే ఉంటారు. బేసల్ సెల్ అడినోమా, మయోఎపిథీలియోమా, ఆంకోసైటోమా మాత్రం చాలా అరుదు.

క్యాన్సర్ కాదనగానే డాక్టరు చెయ్యి తేలికైపోతుంది. నా భయమంతా అక్కడే. పైకి కదులుతోంది కదా అని ప్లియోమార్ఫిక్ అడినోమాను గిల్లి తీసేస్తే, దాని పొర దాటి పొడుచుకొచ్చిన మొగ్గలు లోపలే మిగిలిపోతాయి. కొన్నేళ్ళకు ఒక్క గడ్డ ఉన్నచోట పది గడ్డలు లేస్తాయి. అప్పటికి అక్కడంతా మచ్చకట్టి, ముఖనాడిని వెతికి పట్టుకోవడం గండమవుతుంది. ఆపరేషన్ చెయ్యకుండా వదిలేసినా కొన్నింటిలో ఏళ్ళు గడిచాక క్యాన్సర్ పుడుతుంది. మొదటి ఆపరేషనే మంచి ఆపరేషన్ కావాలి.

కాబట్టి ముందు రోగి ముఖం చూడండి. నుదురు ముడవమనండి, కళ్ళు గట్టిగా మూయమనండి, పళ్ళు చూపమనండి, బుగ్గలు పూరించమనండి. ముఖనాడి ఐదు కొమ్మలుగా చీలేది ఈ గ్రంథిలోనే. గడ్డ ఉన్న వైపు మూతి వంకర పోయిందంటే అది క్యాన్సర్ కావచ్చునని అనుమానించండి. మామూలు గడ్డలా కోసి ముక్క తీయకండి, సూదితో ఎఫ్ఎన్ఏసీ చేయించండి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు మూతి బలహీనంగా ఉండవచ్చని, అన్నం తినేటప్పుడు చెంప చెమర్చవచ్చని ముందే చెప్పండి. ఆ మాట దాచి సంతకం తీసుకోవడం అన్యాయం.

ఆ ముఖనాడిని మీరు మొదట చూసింది అనాటమీ హాల్లో, ఎవరో ఇచ్చిన దేహంలో. మన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ కవి కాళోజీ 2002లో కన్నుమూశాక ఆయన దేహం కూడా ఈ కళాశాలకే చేరింది. అట్లా నేర్చుకున్న నాడిని తొందరపాటుతో తెంపే హక్కు మనకు లేదు.

ఇక పాథాలజీ. బేసల్ సెల్ అడినోమా కణాలూ, నాడుల వెంట పాకే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా కణాలూ సూదికొచ్చిన నాలుగు చుక్కల్లో ఒక్కలాగే కనబడొచ్చు. తేడా తెలిసేది కణితి అంచులో: పొర లోపలే ఆగిందా, పక్క కణజాలంలోకి చొరబడిందా అని. అంచు చూడాలంటే గడ్డ మొత్తం కావాలి. ముక్కలు చేసి పంపితే మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి ఏం చెప్పగలడు?

తీసిన ప్రతి గడ్డనూ, ఎంత చిన్నదైనా, సరిపడా ఫార్మలిన్‌లో వేసి పంపండి. వయసు, ఏ గ్రంథి, ఎన్నేళ్ళుగా ఉంది, ఇంతకుముందు ఎవరైనా కోశారా అన్నది చీటీ మీద మీ చేత్తో రాయండి. రిపోర్టు వచ్చాక ఆ రైతుకు ఫోన్ చేసి చెప్పండి, ఏటా ఒకసారి వచ్చి చూపించుకొమ్మనండి.