రెండు పరీక్షలతో తీర్పు చెప్పకండి

(తుకుం, చంద్రపూర్‌లో స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

స్కాలర్‌షిప్పు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు నా అభినందనలు.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. గణితంలో పండితుణ్ణి కాను. కాకపోతే లెక్క రెండువైపులా సరిపోయేదాకా ఇంటికి కదలని ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ అలవాటుతోనే సంభావ్యత లెక్కల గురించి నాలుగు మాటలు చెబుతాను. మరాఠీ మీడియం పిల్లలకు కూడా ఈ పేరు కొత్త కాదు, వాళ్ల పుస్తకంలోనూ దాదాపు ఇదే మాట.

మొదటి సూచన. సూత్రం బట్టీ పట్టకముందు, జరగగలిగినవన్నీ కాగితం మీద రాయండి. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడవచ్చు. వాటిలో మొత్తం 7 వచ్చేవి 6. కనుక సంభావ్యత 6/36, అంటే 1/6. ఇలాగే 2 నుంచి 12 వరకు ప్రతి మొత్తానికీ కట్టి, అన్నీ కూడండి. సరిగ్గా 1 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక ఎంట్రీ తప్పిందన్నమాట. మా బ్యాంకులో టాలీ అనేది ఇదే.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక లెక్క. ప్రతి పరీక్షలోనూ పాసయ్యే అవకాశం 10కి 7 ఉన్న పిల్లవాడు వరసగా రెండు పరీక్షలు తప్పే అవకాశం ఎంత? ఒక పరీక్ష ప్రభావం రెండోదానిపై లేదనుకుంటే 3/10 × 3/10, అంటే 9/100. అలాంటి 100 మందిలో సుమారు 9 మంది, చదవగలిగి కూడా, రెండుసార్లూ తప్పుతారు. "వీడికి లెక్కలు రావు", "అమ్మాయికి ఆర్ట్స్ చాలు" అనే మాటలు మన ఇళ్లలో వింటూనే ఉంటాం. రెండు పరీక్షలను అసలు పట్టించుకోవద్దని నేను అనడం లేదు. తీర్పు చెప్పడానికి అవి చాలవు అంటున్నాను.

దీని తర్వాతి మెట్టు బ్యాండిట్ లెక్కలు. పాశ్చాత్య దేశాల్లో పక్కన ఒకే పిడి ఉండి డబ్బు మింగే జూదపు యంత్రాన్ని వేళాకోళంగా ఒంటిచేతి బందిపోటు అనేవారు. అక్కడినుంచి వచ్చింది ఈ పేరు. జూదం నేర్పడానికి కాదు ఈ లెక్కలు. రెండు వైద్యాల్లో ఏది మేలో తెలియనప్పుడు, రోగులకు నష్టం తగ్గిస్తూ దాన్ని తెలుసుకోవడం ఎలా అని 1933లో థాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఆలోచించాడు. 1952లో రాబిన్స్ దీనికి గణిత రూపం ఇచ్చాడు.

ఇంట్లోనే చేసి చూడండి. అమ్మ రెండు సంచుల్లో పదేసి గుండీలు వేయాలి. ఒకదానిలో 6 ఎర్రవి, 4 తెల్లవి. రెండోదానిలో 5 ఎర్రవి, 5 తెల్లవి. ఏది ఏదో పిల్లలకు చెప్పకూడదు. తీసిన గుండీ మళ్లీ అందులోనే వేయాలి. ఎర్రది వస్తే ఒక మార్కు. ఒక్కొక్క సంచినుంచి ఒకసారి తీసి, ఆపైన ఎప్పుడూ సగటు ఎక్కువ ఉన్న సంచినే పట్టుకున్నామనుకోండి. మంచి సంచిలో మొదట తెల్లది, రెండో సంచిలో ఎర్రది వచ్చే అవకాశం 4/10 × 5/10, అంటే 100కి 20. అలా వస్తే మంచి సంచి సగటు సున్నా దగ్గరే ఆగిపోతుంది. రెండోదాని సగటు ఎన్నటికీ సున్నాకు దిగదు. కాబట్టి మంచి సంచిని మళ్లీ ముట్టుకోనే ముట్టుకోం!

దీనికి విరుగుడు సులువు. ప్రతి పదోసారి చీటీ వేసి సంచిని ఎంచుకోండి. 2002లో వచ్చిన ఇంకో పద్ధతి ప్రకారం, సగటుకు కొంత కలిపి పోల్చాలి. తక్కువసార్లు చూసిన సంచికి ఎక్కువ కలపాలి. అంటే తెలియనిదానికి మరో అవకాశం ఇవ్వడం. చిన్న పరీక్షలు, కొత్త ట్యూషను, కొత్త చదువు పద్ధతి, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

ఇక అంకెలతో నమూనా కట్టడం. చంద్రపూర్ ఎండ సంగతి మీకు చెప్పాలా? వేసవిలో 10 రోజులు పేపర్లో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత రాయండి. మొదటి 7 రోజుల అంకెలు గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, మధ్యగా ఒక గీత గీయండి. మిగిలిన 3 రోజులకు ఆ గీత చెప్పేదానికీ, అసలు అంకెకూ తేడా చూడండి. గీత గీయడానికి వాడిన అంకెలతోనే దాని మంచిచెడ్డలు తేల్చకూడదు. లెక్క రాసినవాడే ఆడిట్ చేస్తే ఎలా?

చివరగా మన తెలుగువారి పేరు ఒకటి. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు, 1920లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ భారత సాంఖ్యక సంస్థ గురించి తెలిసి, 1941 జనవరిలో చేరారు. 2023లో సాంఖ్యకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే సంవత్సరం 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి తనను లేపి నూనె దీపం వెలిగించిన తల్లిని ఆయన తన పుస్తకంలో స్మరించుకున్నారు.

తల్లులారా, తండ్రులారా! మనకు లెక్కలు రాకపోయినా దీపం వెలిగించగలం, రెండు సంచులు కుట్టగలం. మూడో పరీక్షకు కూర్చోనివ్వగలం. పిల్లలారా, ఈ లెక్కలు నోటుబుక్కులో తేదీ వేసి చేయండి.