మీటింగ్ లింకు ఎక్కడుంది?

మీటింగ్ వేళయ్యాక లింకు కోసం మెయిళ్లన్నీ తిరగేయడం మనలో చాలామందికి అలవాటే. జూమ్‌ను అవుట్‌లుక్‌తో కలిపితే ఆ వెతుకులాట తప్పుతుంది.

అవుట్‌లుక్ యాడ్-ఇన్‌ల విభాగంలో 'జూమ్ ఫర్ అవుట్‌లుక్' చేర్చుకుని, మీ జూమ్ ఖాతాతో సైన్ ఇన్ అవ్వండి. ఆఫీసు ఖాతా అయితే అడ్మిన్ అనుమతి కావాల్సి రావచ్చు. ఇక క్యాలెండర్‌లో కొత్త మీటింగ్ తెరిచి, 'యాడ్ ఎ జూమ్ మీటింగ్' నొక్కండి. లింకు, మీటింగ్ ఐడీ, పాస్‌కోడ్ వాటంతటవే ఆహ్వానంలోకి వచ్చి కూర్చుంటాయి.

అవతలివారిది జీమెయిల్ అయినా ఇబ్బంది లేదు. 1998లో వచ్చిన ఐక్యాలెండర్ అనే ఉమ్మడి పద్ధతి వల్ల ఒక ప్రోగ్రామ్ పంపిన ఆహ్వానం మరోదానికి అర్థమవుతుంది. వేళలూ సర్దుకుంటాయి. హైదరాబాద్‌లో రాత్రి 8:30కి పెట్టిన మీటింగ్, న్యూయార్క్‌లో ఉన్న మీ అబ్బాయి క్యాలెండర్‌లో వేసవిలో ఉదయం 11కి, చలికాలంలో 10కి కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. వేళ మారితే క్యాలెండర్‌లోనే మార్చి, 'సెండ్ అప్‌డేట్' నొక్కండి. ఫోన్‌లో నలుగురికీ చెప్పి ఊరుకుంటే, ఐదోవారు పాత వేళకే వచ్చి, ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు.