జెండాలు రెండు, జవాబు ఒకటే

(మండల రైతు సదస్సులో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సుకు వస్తుంటే దారిలో ఒక పెద్దాయన అడిగాడు: ‘కాంగ్రెస్ పోయి బీజేపీ వచ్చినా, బీజేపీ పోయి కాంగ్రెస్ వచ్చినా మన వడ్ల రేటులో తేడా ఏముంది?’ అని. ఇవాళ మేం ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాం. రెండు పార్టీలకూ అసలు తేడానే లేదని మేం అనం. 2013లో భూసేకరణ చట్టంలో రైతుల సమ్మతి నిబంధన పెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వం. 2014 డిసెంబరులో దాన్ని ఆర్డినెన్సుతో నీరుగార్చబోయింది బీజేపీ ప్రభుత్వం. దేశమంతా రైతులు లేచాక వెనక్కి తగ్గింది. ఆ తేడా చిన్నది కాదు. కానీ ధర దగ్గరికి వస్తే కథ వేరు.

2004లో కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వమే స్వామినాథన్ అధ్యక్షుడిగా జాతీయ రైతు కమిషన్ వేసింది. 2006 నాటికి కమిషన్ నివేదికలన్నీ ఇచ్చింది. సగటు సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని చెప్పింది. కమిషన్ వేసిన ప్రభుత్వమే 2007లో జాతీయ రైతు విధానం ప్రకటించింది. అందులో ఈ మాట లేదు. 2010లో రాజ్యసభలో అడిగితే, ఖర్చు మీద 50 శాతం తప్పనిసరి చేస్తే మార్కెట్ దెబ్బతింటుందని జవాబిచ్చింది.

2014 ఎన్నికలొచ్చాయి. ఖర్చు మీద కనీసం 50 శాతం లాభం వచ్చేలా చూస్తామని బీజేపీ మ్యానిఫెస్టోలో రాసింది. నమ్మి ఓటేసినవాళ్లు మనలోనూ ఉన్నారు, తప్పు పట్టడం లేదు. ఏడాది తిరగకముందే, 2015 ఫిబ్రవరిలో, అదే ప్రభుత్వం సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది. ఏమని? 50 శాతం కలిపితే మార్కెట్ దెబ్బతింటుందని! ఐదేళ్ల కిందట కాంగ్రెస్ మంత్రి చెప్పిందీ అదే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

2018 బడ్జెట్‌లో మాత్రం ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రకటించారు. ఏ ఖర్చుకు? ఇక్కడ కాస్త ఓపిక పట్టి వినండి, మన జేబు కత్తిరింపంతా ఇక్కడే ఉంది. విత్తనాలు, ఎరువులు, మందులు, కూలీలు, డీజిల్ లాంటి చేతి ఖర్చులు ‘ఏ2’. దానికి ఇంటిల్లిపాదీ పొలంలో చేసే చాకిరీకి విలువ కడితే ‘ఎఫ్ఎల్’. ఇవి రెండూ కలిపి దాని మీదే లెక్క కడుతున్నారు. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే అది ‘సీ2’. మన రైతు సంఘాలు అడిగేది దాని మీద. కౌలు రైతు కట్టే కౌలు ఏ2లో లెక్కకొస్తుంది కదా అంటారు. నిజమే, కానీ కౌలు కట్టని రైతులందరితో కలిపి సగటు తీసేసరికి అది పిసరంత అవుతుంది.

2024-25లో సాధారణ రకం వడ్లకు ఏ2+ఎఫ్ఎల్ క్వింటాకు 1,533 రూపాయలు, మద్దతు ధర 2,300. సీ2 మీద 50 శాతం కలిపితే 3,012 రావాలి. తేడా 712. ఎకరానికి 25 క్వింటాళ్లు పండాయనుకుందాం, 17,800 రూపాయలు మన చేతికి రాకుండా పోయాయి. ఆ 2,300 కూడా తేమ, తాలు పేరుతో కోతలు పెట్టాక మిగిలేది ఎంతో కల్లంలో నిలబడ్డ మీకు మేం చెప్పాలా?

మార్కెట్ యార్డుల సంగతీ అంతే. ఏపీఎంసీ చట్టాన్ని రద్దు చేస్తామని 2019లో కాంగ్రెస్ తన మ్యానిఫెస్టోలో రాసుకుంది. యార్డు బయట ఫీజు లేకుండా వ్యాపారానికి తలుపులు తీస్తూ 2020లో ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చింది బీజేపీ. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ వీధిలోకొచ్చి వ్యతిరేకించింది. వ్యతిరేకించినందుకు సంతోషమే, కానీ ఆ మ్యానిఫెస్టో సంగతి మరిచిపోలేం. ఆ చట్టాలను 2021 నవంబరులో వెనక్కి తీసుకునేలా చేసింది పార్లమెంటులో ఏ పార్టీ బలమూ కాదు. ఢిల్లీ పొలిమేరల్లో ఏడాది పాటు చలికీ ఎండకూ కూర్చున్న రైతులు.

మద్దతు ధరకు చట్టబద్ధ హామీ ఇస్తామని 2024లో కాంగ్రెస్ రాసింది. మంచిదే. అయితే ఈసారి మేం చప్పట్లు కొట్టే ముందు ఒకటి అడుగుతాం, మీరూ అడగండి. ఏ జెండా పట్టుకొని మీ ఊరికి వచ్చినా సరే: సీ2 మీదా, ఏ2+ఎఫ్ఎల్ మీదా? జవాబు కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. రాయనన్నవాళ్ల పేరు కూడా రాసి పెట్టండి. ఆ కాగితాలు గ్రామ కమిటీల నుంచి సంఘం ఆఫీసుకు చేరాలి. ఎన్నికలైన ఆరు నెలలకు వాటిని పట్టుకొని మళ్లీ ఇక్కడే కూర్చుందాం.