కుట్టు మిషను దగ్గర నేను



ముప్ఫై నాలుగేళ్లు లెడ్జర్లు రాసిన చేత్తో సూది పట్టానంటే మీకు నవ్వు రావచ్చు. మా ఆవిడకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. జాకెట్టు తొడుక్కోవాలంటే కళ్లనీళ్లు పెట్టుకునేది. పెళ్లి పిలుపులొచ్చినా గడప దాటడం మానేసింది. కొత్తవి కుట్టిద్దామంటే గుడ్డ కన్నా కుట్టుకూలి ఎక్కువ.

మూలనున్న ఆమె తొక్కుడు మిషనుకు నూనె వేశాను. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే, పాత నూలు జాకెట్టుకు చంక దగ్గర కుట్లు కలిసేచోట బ్లేడుతో విప్పాను. పాత చీరలోంచి 4 అంగుళాల చదరం ముక్క కత్తిరించాను. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ గనుక ఇక ముడుచుకోదు. ఒక మూల చేతివైపు, ఎదురు మూల నడుమువైపు వచ్చేలా అతకాలి. మొదటిసారి తిరగేసి కుట్టాను.

"ఏమండీ, కొట్టేసి పైన రాసుకోడానికి ఇది లెడ్జరు కాదు" అంది.

హుక్కులు తీసి టిచ్ బటన్లు పెట్టాను. ఖర్చంతా రీలు దారానికీ, బటన్లకే. అన్నట్టు, తొడిగేటప్పుడు నొప్పి చేతిని ముందు దూర్చాలి. విప్పేటప్పుడు చివర తియ్యాలి.

మొన్న కార్తీక వనభోజనాలకు ఆమె ఆ జాకెట్టుతోనే వచ్చింది. ముక్క రంగు కలవలేదని ఇప్పటికీ సణుగుతూనే ఉంది.