ఫిరంగికి కన్ను

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పరిశీలనకు వాడిన పైపర్ ఎల్-4 విమానానికి తుపాకీ బిగించలేదు, కవచం తొడగలేదు. 65 హార్స్‌పవర్ ఇంజను, గుడ్డ కప్పిన రెక్కలు, రెండు సీట్లు, ఒక రేడియో సెట్టు, అంతే. చదునైన పొలం దొరికితే చాలు, అక్కడే దిగేది, అక్కడినుంచే ఎగిరేది.

దాని పని ఫిరంగులకు గురి చెప్పడం. కొండ అవతల గుండు ఎక్కడ పడిందో పైనుంచి చూసి, "కుడికి వంద గజాలు, ముందుకు రెండొందలు" అని పరిశీలకుడు రేడియోలో చెప్పేవాడు. గురి కుదిరిందంటే ఫిరంగులన్నీ ఒక్కసారే పేలేవి. అందుకే ఈ విమానం తలమీద తిరుగుతున్నంతసేపూ జర్మన్ ఫిరంగులు తరచూ నోరు మెదిపేవి కావు. పేలిస్తే జాడ తెలిసిపోతుంది మరి!

1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికా దగ్గర రేంజర్ నౌక నుంచి తొలిసారి యుద్ధానికి ఎగిరిన ఎల్-4లపై సొంతవాళ్లే పొరబడి కాల్పులు జరిపారు. అయినా సైన్యం వాటిని వదులుకోలేదు. యుద్ధం ముగిసేదాకా వాడుతూనే ఉంది.