మొండికేసిన నట్టు



బావి మీది పాత ఆయిలింజను పొగ ఎక్కువై, లాగుడు తగ్గిందనుకోండి. రింగులు మార్చవలెనంటే ముందు హెడ్డు విప్పాలి. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉన్న నట్టు కదలనంటుంది. అవతల నారుమడి ఎండుతూ ఉంటుంది. అప్పుడు మనవాళ్లు పానాకు రెండు మూరల గొట్టం తొడిగి ఇద్దరు కలిసి వేలాడతారు. టప్పుమంటుంది. ఊడింది నట్టు కాదు, స్టడ్డు బ్లాకులోనే విరిగింది! నట్టుకయ్యే ఖర్చెంత? విరిగిన ముక్క తీయించడానికి మాత్రం ఇంజనునే బండికెత్తి పట్నానికి తోలాలి. పైరు అన్నాళ్లు ఆగదు.

ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందున ఆ తుప్పు దిగ్గొట్టిన మేకులాగా బిగుసుకుంటుంది. ముందు ఆ తుప్పు పట్టు సడలించాలి గాని, నట్టుతో బలపరీక్షకు దిగరాదు.

కాబట్టి విప్పబోయే ముందురోజు సాయంత్రమే పని మొదలుపెట్టండి. పైకి కనిపించే మరలను తీగ బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, కిరసనాయిలులో కాస్త పలచని ఇంజను ఆయిలు కలిపి నట్టు మొదట్లో చుక్కలు చుక్కలుగా వేయండి. రాత్రి పడుకోబోయే ముందు మరొకసారి, తెల్లవారి ఇంకొకసారి. తర్వాత నట్టుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి పట్టుకొని, ఎదుటి పక్క చిన్న సుత్తితో తట్టండి. ఆ అదురుకు తుప్పు పగిలి నూనె లోపలికి దిగుతుంది. స్టడ్డు కొనమీద కొట్టకండి, మర చితికిపోతుంది.

పానా నట్టుకు సరిగ్గా పట్టేది, రింగు పానా అయితే మరీ మంచిది. వదులు పానాతో మూలలు అరిగితే నట్టు గోలీకాయ అవుతుంది. మొదట విప్పే వైపు కాక, బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించి చూడండి. కదిలిందా, సగం పని అయినట్లే. ఇక వెనక్కు కొంచెం, ముందుకు కొంచెం తిప్పుతూ, కిర్రుమన్నప్పుడల్లా నూనె వేస్తూ రావాలి. పక్కన నిలబడి ‘ఊఁ, ఇంకాస్త గట్టిగా’ అనేవారు ఎప్పుడూ ఉంటారు; ఇంజను వారిది కాదు గదా!

అప్పటికీ రాకపోతే వేడి. డీజిలు టాంకీ దూరంగా పెట్టి, నూనె తడి అంతా తుడిచి, బ్లోలాంపు మంట నట్టుకు మాత్రమే తగలనివ్వండి. వేడికి నట్టు వ్యాకోచించి పట్టు వదులుతుంది. హెడ్డు పోత ఇనుము. మంట ఒకేచోట తగిలినా, కాగినప్పుడు నీళ్లు పోసినా చిట్లుతుంది.

దానికీ లొంగకపోతే నట్టును వదులుకోండి. పదునైన ఉలితో ఒక పక్క నిలువునా చీల్చి తీసేస్తే స్టడ్డు దక్కుతుంది. ఉలి మరల దాకా దిగకుండా చూసుకోవాలి.

కొత్త నట్టు కొనేటప్పుడు పాతదాన్ని జేబులో వేసుకొని వెళ్లండి. 1929లో ఇంగ్లండులో పుట్టిన లిస్టరు నమూనా పాత ఇంజన్లకు ఇంచి కొలతల విట్‌వర్తు మరలుండేవి. ఆ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మరది 60. చూపుకు ఒక్కలాగే ఉన్నా ఒకదానికొకటి కుదరవు. బలవంతాన ఎక్కిస్తే, కష్టపడి దక్కించుకున్న స్టడ్డు కాస్తా పాడవుతుంది. దుకాణంలో పాత నట్టునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి మరలు సరిచూచుకోండి.