పాత పాట, కొత్త గొంతు

హోసూరులోగాని, బళ్ళారిలోగాని మన పెళ్ళిపందిట్లో పాటకచేరీ మొదలైతే ముందుగా అడిగేది ఘంటసాల పాటే. తప్పులేదు. 1974లో ఆయన కన్నుమూసినా, మన ఇళ్ళలో తెలుగును నిలిపిన గొంతుల్లో అదొకటి.

అయితే ఒక్క మాట. 1966లో, ఘంటసాల పాడుతుండగానే, ఇరవైయేళ్ళ బాలసుబ్రహ్మణ్యానికి కోదండపాణిగారు తొలి అవకాశమిచ్చారు. ఉన్న గొంతే చాలుననుకుంటే మనకు బాలు దక్కేవారా? ఆ బాలుగారూ 2020లో వెళ్ళిపోయారు.

తెలుగు బడి లేని వీధిలో తెలుగున కొత్తపాట కట్టే కుర్రవాడు దొరకడమే అరుదు. వాడు కూడా విసిగి మానుకుంటే మనకు మిగిలేది పాత రికార్డులే. అందుకని ఈసారి పాతవి రెండు విన్నాక, "నీ పాట ఒకటి పాడు నాయనా" అని మీరే అడగండి.